పాత కారు బ్రేకులు, సస్పెన్షన్: ఇంట్లో ఏది చేసుకోవాలి, షాపుకి ఏది ఇవ్వాలి, ఎక్కడ కొత్తది కొనాలి

ఏళ్ల తరబడి షెడ్డులో ఉండిపోయిన కారుని మళ్లీ రోడ్డెక్కించాలనుకున్నవాళ్లు దాదాపు అందరూ ముందు ఇంజన్ మీదే పడతారు. కొత్త బ్యాటరీ వేసి, ప్లగ్గులు మార్చి, పెట్రోలు పోసి, స్టార్ట్ అయిందంటే ఇక బండి రెడీ అనుకుంటారు. స్టార్ట్ కాని కారు ఇంట్లోనే ఉంటుంది, ఆగని కారు రోడ్డు మీద ఎవరి మీదికో వెళ్తుంది. కాబట్టి అంబాసిడర్ అయినా, పద్మిని అయినా, మారుతి 800 అయినా మొదట డబ్బు పెట్టాల్సింది బ్రేకులకి, తర్వాత సస్పెన్షన్‌కి (గుంతల దెబ్బ తట్టుకునే స్ప్రింగులు, షాకబ్జర్లు, వాటి జాయింట్లు), ఆ తర్వాతే ఇంజన్‌కి. పెయింటు సంగతి ఇప్పుడు ఆలోచించకండి.

మన నెల్లూరు, ప్రకాశం వైపు ఇంకో చిక్కు ఉప్పుగాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉన్న కారుని ఎత్తి కిందికి చూడండి, పైన పెయింటు మెరుస్తూ ఉన్నా బ్రేక్ పైపులు పొరలు పొరలుగా లేచిపోయి ఉంటాయి. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే మార్కాపురం, కనిగిరి వైపు పొడినేల మీద ఉన్న కారైతే ఇనుము బాగానే ఉంటుంది కానీ ఎండకి రబ్బరు పెళుసెక్కి ఉంటుంది. రెండు చోట్లా ఒకే మోడల్ కారు కొన్నా చేయాల్సిన పని ఒకటి కాదు. ఎవరో చేసిన లిస్టు పట్టుకుని సామాను కొనకండి, ముందు కిందికి దూరి మీ కారు చూడండి.

రిపేరు చేయాలా, కొత్తది కొనాలా అని ప్రతి పార్టు దగ్గరా ఈ ప్రశ్న వస్తుంది. నేను చూసుకునేది ఒకటే: ఇది చెప్పి చెడుతుందా, చెప్పకుండా చెడుతుందా? షాకబ్జర్ పోతే బండి ఊగుతుంది. బుష్ (జాయింట్లలో ఉండే రబ్బరు గొట్టం) పోతే గుంత వచ్చినప్పుడల్లా టకటకమంటుంది. కమాన్ కట్ట (పట్టీల స్ప్రింగు) కుంగితే ఒకవైపు దిగిపోయి కంటికే కనపడుతుంది. ఇవన్నీ ముందు మనకి చెప్పి, కొన్నాళ్లు టైమిచ్చి చెడేవి. వీటిలో రిపేరు చేయించుకోవచ్చు, వాయిదా వేసుకోవచ్చు, పైసా పైసా చూసుకోవచ్చు. బ్రేక్ హోస్ (రబ్బరు గొట్టం) పగిలినా, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) లోపల రబ్బరు వాషర్ చిరిగినా, తుప్పు పట్టిన పైపు చిల్లుపడినా పొద్దున బాగున్న పెడల్ సాయంత్రానికి నేలకి తగులుతుంది. వీటి దగ్గర బేరమాడకండి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే ఉంటుంది.

మీది ఏ కారు

పాత అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపల నుంచి లైనర్ వేసిన షూలు పట్టి ఆపుతాయి, ఆ షూలని నెట్టేది వీల్ సిలిండర్. ముందు టోర్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ), వెనక కమాన్ కట్టలు. పద్మినికి కూడా నాలుగూ డ్రమ్ములే, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. మారుతి 800లో ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండేవి), మొదటి మోడళ్లు వదిలేస్తే ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఇంట్లో మొదటిసారి పని నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేను మారుతినే చెప్తాను. 2014 దాకా తయారైన బండి కాబట్టి సామాను ఏ టౌన్లో అయినా దొరుకుతుంది, పార్టులు తేలిక, ఒక్క మనిషి ఎత్తి పెట్టుకోగలడు. అంబాసిడర్‌లో ప్రతిదీ బరువు, ప్రతి బోల్టూ మొండిది, కానీ లోపల ఏముందో విప్పితే తేలిగ్గా అర్థమవుతుంది. పద్మినికి ఇప్పుడు అసలు సమస్య సామాను. మీది పద్మిని అయితే పార్టులు చేతికి వచ్చాకే పాతవి విప్పండి, లేకపోతే కారు నెలల తరబడి స్టాండ్ల మీదే ఉండిపోతుంది.

పాత అంబాసిడర్లు, పద్మినిలలో చాలావాటికి బ్రేకు లైను ఒక్కటే. అంటే ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. తర్వాత వచ్చిన బండ్లలో ట్యాండమ్ మాస్టర్ సిలిండర్ ఉంటుంది, ఒక లైను పోయినా రెండోది కొంత పట్టుకుంటుంది. మీది పాత రకమైతే హ్యాండ్ బ్రేకుని కూడా అసలు బ్రేకంత శ్రద్ధగా బాగుచేయండి. లైను పోయిన రోజు మీ చేతిలో మిగిలేది అదొక్కటే.

ఇంట్లోనా, షాపులోనా

ఇది రెండింటి మధ్య ఎంపిక అనుకుంటారు కానీ మూడో దారి ఒకటుంది, నాకు నచ్చేది అదే: విప్పడం ఇంట్లో, మిషన్ పని షాపులో, బిగించడం మళ్లీ ఇంట్లో. డ్రమ్ములు విప్పి సంచిలో వేసుకుని లేత్ షాపుకి పట్టుకెళ్లి, పక్కన నిలబడి లోపలి గోడ సమంగా కోత పెట్టించుకుని తెచ్చుకోండి. నెల్లూరు ఆటోనగర్ లాంటి చోట లేత్ షాపు, లైనర్లు కొట్టే షాపు, బుష్‌లు ప్రెస్ చేసే షాపు అన్నీ దగ్గర దగ్గర్లో దొరుకుతాయి. కారు మొత్తం గ్యారేజీలో వదిలేస్తే ఆ డ్రమ్ములు ఏ కుర్రాడి చేతిలో పడ్డాయో, కోత ఎంత పెట్టారో, పాత వాషర్లే మళ్లీ వేశారో మీకు తెలియదు. మెకానిక్‌ని తప్పు పట్టడం కాదు. రోజుకి పది బండ్లు చూసే మనిషికి మీ పాత కారు ఒక్కో పార్టూ కడుగుతూ కూర్చునే టైము ఉండదు, మీకుంటుంది. ఇంటి పని గొప్పతనం అక్కడే.

ఇంట్లో హాయిగా చేసుకోగలిగేవి డ్రమ్ములు విప్పి శుభ్రం చేయడం, వీల్ సిలిండర్లు, బ్రేక్ షూలు, హోస్‌లు, బ్రేక్ ఆయిల్ మార్చడం, లైన్లో చిక్కిన గాలి తీయడం, వెనక షాకబ్జర్లు, హ్యాండ్ బ్రేక్ కేబుల్. కచ్చితంగా షాపుకి ఇవ్వాల్సినవి డ్రమ్ కోత, లైనర్లు కొట్టించడం, కమాన్ కట్టల సెట్టింగ్, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే పిన్ను) బుష్‌లకి రీమర్ కొట్టడం (చిల్లుని సరైన కొలతకి తేవడం), వీల్ అలైన్‌మెంట్. ఇక కాయిల్ స్ప్రింగు నొక్కి తీసే పని దగ్గర గట్టిగా చెప్తున్నాను, సరైన కంప్రెసర్ లేకుండా తాళ్లతో, తీగలతో కట్టి తీయొద్దు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారిందంటే ఎముకలు విరుగుతాయి, ప్రాణమే పోవచ్చు. మారుతి స్ట్రట్ మొత్తాన్ని అలాగే విప్పి షాపుకి తీసుకెళ్లండి, పైన మధ్యలో ఉన్న నట్టు మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. అంబాసిడర్ టోర్షన్ బార్ సంగతీ అంతే, దాన్లో మెలితిరిగి ఉన్న బలం బయటికి కనపడదు.

కారుని ఎత్తడం గురించి కూడా ఇక్కడే. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి స్టాండ్లు. ఇటుకలు వద్దు, సిమెంటు ఇటుకలు అసలే వద్దు, బరువు పడగానే నిలువునా పగులుతాయి. మన వైపు పోర్టికోల్లో నాపరాళ్లు పరుస్తారు కదా, దాని కింద ఇసుక కుంగి బోలుగా ఉంటే స్టాండు కాలు బండని పగలగొట్టి దిగిపోతుంది. స్టాండు కింద దళసరి చెక్క వేయండి, తీసిన చక్రాన్ని కారు కిందికి తోసి ఉంచండి, కిందికి దూరే ముందు కారుని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఒక్కరే ఇంట్లో ఉన్నప్పుడు కారు కింద పని పెట్టుకోవద్దు.

సిలిండర్లు: కిట్టా, స్లీవా, కొత్తదా

వీల్ సిలిండర్‌కి రెండు చివరలా రబ్బరు టోపీలు ఉంటాయి. వాటిని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే సరే. చాలాకాలం నిలబడిన బండ్లలో మాత్రం టీ డికాషన్ రంగు నీళ్లు కారతాయి, పిస్టన్ పక్కన తెల్లటి పొడో ఎర్రటి తుప్పో పేరుకుని ఉంటుంది. ఇప్పుడు విప్పి, లోపలి గోడని శుభ్రంగా తుడిచి, గోరుతో గీరండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారితే కొత్త వాషర్ల కిట్టు సరిపోతుంది, గోడని సన్నటి హోన్‌తో (లోపలి గోడని రాసే సానతో) తేలిగ్గా ఒకటి రెండుసార్లు సాపు చేయించుకుంటే చాలు. గోరు తట్టుకుందా, చిన్న గుంటైనా సరే, ఆ సిలిండర్ పని అయిపోయింది. కొత్త వాషర్లు వేసినా ఆ గుంట అంచు కోసేస్తుంది, కొన్నాళ్లకి మళ్లీ లీకే, ఈసారి కొత్త లైనర్లు కూడా నూనెలో తడిసి పాడవుతాయి.

కొత్త వీల్ సిలిండర్ దొరికే కారైతే నేను కిట్టు గురించి ఆలోచించను, నాలుగూ కొత్తవే వేస్తాను. మాస్టర్ సిలిండర్ విషయంలో ఇంకా గట్టిగా చెప్తాను: దొరికితే కొత్తదే. దొరకని పద్మిని, అంబాసిడర్ మోడళ్లకి స్లీవ్ మంచి దారి, అంటే లోపల పాత గోడని కోసి ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో కొత్త గొట్టం దిగేసి అసలు కొలతకి తెస్తారు. బాగా చేసిన స్లీవ్ ఇనుప గోడలా తుప్పు పట్టదు, సముద్రం దగ్గరి ఊళ్లకి ఇది పెద్ద లాభం. కానీ ఇది అలవాటున్న చేతులు చేయాల్సిన పని. గోడలో నూనె తిరిగి వచ్చే సన్నటి చిల్లు ఒకటి ఉంటుంది, స్లీవ్ వేసినవాడు దాన్ని సరైన చోట, అంచులు నున్నగా పెట్టకపోతే బ్రేకులు పట్టేసి వదలవు. ఇంతకుముందు చేసిన సిలిండర్ చూపించమని అడగండి. చూపించలేనివాళ్లకి ఇవ్వొద్దు.

ఈ రబ్బరు వాషర్లని, పిస్టన్లని పెట్రోలుతో, కిరోసిన్‌తో, డీజిల్‌తో కడగొద్దు. మినరల్ ఆయిల్ తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బిపోతుంది. తుప్పు పట్టిన బోల్టులకి డీజిల్ పోసి నానబెట్టడం మంచిదే, రాత్రి పోసి పొద్దున విప్పితే తేలిగ్గా వస్తాయి కూడా, కానీ ఆ చేతులతోనే వాషర్లు పట్టుకోవద్దు. వాటిని కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి, దాన్నే రాసి బిగించండి.

పైపులు, హోస్‌లు

రబ్బరు హోస్‌లు పైకి నున్నగా ఉన్నా నమ్మకండి. నమ్మకం లేకపోతే మార్చిన పాత హోస్‌ని బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి, చాలావాటిలో లోపలి రబ్బరు ఉబ్బి దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. అలాంటి హోస్‌లో కాలి బలానికి నూనె చక్రం వైపు వెళ్తుంది, తిరిగి రావడానికి మాత్రం బలం చాలదు. బ్రేకు వదిలినా ఆ చక్రం పట్టేసే ఉంటుంది, డ్రమ్ము కాలుతుంది, కారు ఒకవైపు లాగుతుంది. చాలామంది దీన్ని చూసి షూలు మారుస్తారు, సిలిండర్ మారుస్తారు, అసలు దొంగ హోస్‌లో కూర్చుని ఉంటాడు. ఎప్పుడు మార్చారో మీకు తెలియని హోస్ ప్రతిదీ మార్చేయండి, ఇందులో పోల్చి చూసేదేం లేదు.

ఇనుప పైపుల్లో మాత్రం ఎంపిక ఉంది. కంపెనీ వేసింది స్టీలు బండీ ట్యూబు. మళ్లీ అదే వేయొచ్చు, చవక, బలం, కానీ ఉప్పుగాలికి కొన్నేళ్లకి మళ్లీ తుప్పు. రాగి నికెల్ కలిసిన ట్యూబు దొరికితే దానికి తుప్పు భయం లేదు, చేత్తో వంచుకోవడం కూడా సులువు, తీరం ఊళ్లవాళ్లకి నేను దాన్నే చెప్తాను. ఏసీ, ఫ్రిజ్ షాపుల్లో దొరికే ఉత్త రాగి గొట్టం వద్దు. అది బండి అదురుకి గట్టిపడి చిట్లుతుంది, పైగా ముందు చెప్పదు. చివరలు డబుల్ ఫ్లేరింగ్ (పైపు అంచుని రెండు పొరలుగా మడిచి విప్పడం) చేయించండి, సింగిల్ ఫ్లేరింగ్ స్టీలు పైపు అంచు దగ్గర చీలుతుంది.

ఇక్కడ ఒక సన్న విషయం, కానీ ప్రాణం మీదికి తెచ్చేది. అంబాసిడర్ పైపు నట్లు ఇంగ్లిషు మర, 3/8 అంగుళం. పద్మిని, మారుతిలవి 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర. 3/8 అంటే 9.5 మిల్లీమీటర్లు, కాబట్టి చిన్న నట్టు పెద్ద మరలోకి వదులుగా దూరుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు మర లాగేసి ఊడి వస్తుంది. నట్టుని ముందు చేత్తో తిప్పండి, మొత్తం మర చేత్తోనే నున్నగా, ఊగకుండా దిగాలి. ఊగితే అది ఆ చోటిది కాదు.

బ్రేక్ ఆయిల్

డాట్ 3, డాట్ 4 రెండూ ఒకే జాతి, గాలిలో తేమ పీల్చుకునేవే. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. టౌన్లో తిరిగే కారుకి ఈ తేడా పెద్దగా తెలియదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగే కారుకి తెలుస్తుంది, డ్రమ్ములు కాలి నూనె మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కొత్త వాషర్లు వేశాక డాట్ 4 పోసుకోండి, రెండేళ్లకోసారి మార్చండి, మూత తీసి ఆరు నెలలైన డబ్బాలోది మళ్లీ వాడకండి. డాట్ 5 అని సిలికాన్ రకం ఒకటుంది, అది వీటితో కలవదు, పాత నూనె ఉన్న లైన్లో పోయకూడదు. అంకె దగ్గరగా ఉంది కదా అని డాట్ 5.1ని, దీన్ని ఒకటే అనుకోకండి, 5.1 మామూలు జాతిదే. పెయింటు మీద పడితే ఏదైనా సరే వెంటనే నీళ్లు పోసి కడగండి, సిలికాన్ రకం తప్ప మిగతావన్నీ పెయింటుని తినేస్తాయి.

గాలి తీసేటప్పుడు మిషన్లు అక్కర్లేదు, రెండో మనిషి చాలు. ప్లాస్టిక్ పైపు ఒక కొస చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌కి, రెండో కొస కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో మునిగి ఉండాలి. కారు కింద నుంచి మీరు "తొక్కి పట్టుకో అబ్బయా" అంటారు, పైనుంచి పిల్లవాడు "పట్టుకున్నా బాబాయ్" అన్నాకే నిపుల్ వదులు చేయాలి, మీరు మళ్లీ బిగించి "వదులు" అనేదాకా వాడు కాలు తీయకూడదు. ఈ మాటలు బయటికి అనాల్సిందే, ఊహించుకుని చేస్తే తీసిన గాలి మళ్లీ లోపలికే పోతుంది. ఒకే లైను ఉన్న కార్లలో మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి, అంటే మన బండ్లలో సాధారణంగా వెనక ఎడమది. మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచినట్టయితే పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. మామూలుగా వాషర్ వెళ్లని అడుగు భాగంలో తుప్పు ఉంటుంది, పెడల్‌ని నేలదాకా తొక్కితే వాషర్ ఆ తుప్పు మీదికి వెళ్లి చిరుగుతుంది. బాగున్న మాస్టర్ సిలిండర్లు గాలి తీసిన రోజే పోయేది ఇందుకే.

లైనర్లు, డ్రమ్ములు

రివెట్లు కొట్టిన లైనర్లా, అతికించినవా? అతికించిన వాటిలో దళసరి ఎక్కువకాలం వాడుకోవచ్చు, రివెట్ తలలు డ్రమ్ముని గీరే భయం లేదు. కానీ పాత షూ మీద తుప్పు సరిగ్గా తీయకుండా అతికిస్తే లైనర్ మొత్తం ఊడి లోపల అడ్డం పడుతుంది. రివెట్ లైనర్లు మన లారీ షాపుల్లో రోజూ కొడతారు, చేయి తిరిగిన పని, తప్పు జరిగితే కంటికి కనపడుతుంది. పాత షూలకే మళ్లీ లైనర్ వేయించుకుంటున్నారంటే రివెట్లే వేయించుకోండి. రెడీమేడ్ కొత్త షూలు దొరికే మారుతికి కంపెనీలో అతికించి వచ్చినవి కొనడమే మేలు. రానే లాంటి పేరున్న లైనర్లు చెన్నైలో తయారయ్యేవే, మనకి తెప్పించుకోవడం కష్టం కాదు. మెత్తటి నాసిరకం లైనర్ అయితే మొదట్లో బాగా పట్టినట్టుంటుంది, వేడెక్కగానే జారుతుంది.

డ్రమ్ముకి గాడి పడి ఉంటేనే కోత పెట్టించండి, అదీ ఒక ఇరుసుకి రెండు డ్రమ్ములూ సమానంగా. చాలా డ్రమ్ముల మీద ఎంతవరకు కోయొచ్చో అంకె పోసి ఉంటుంది, అది దాటితే కొత్తది. కోశాక లైనర్ వంపు డ్రమ్ము వంపుకి సరిపోయేలా సాపు చేయించాలి, లేకపోతే మధ్యలో మాత్రమే తగులుతుంది. డ్రమ్ము రాకపోతే సుత్తితో అంచు మీద కొట్టకండి, ముందు షూలని డ్రమ్ముకి దగ్గర చేసే అడ్జస్టర్ వదులు చేయండి. ముఖం మీద రెండు మర చిల్లులు ఉన్న డ్రమ్ము అయితే వాటిలో సరిపడే బోల్టులు మార్చి మార్చి బిగిస్తే తనే బయటికి వస్తుంది. లోపలి నల్ల దుమ్ముని నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు. నీళ్లు చల్లి తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

డిస్కులు వేయించుకుంటే ఎలా ఉంటుందని అంబాసిడర్ ఉన్నవాళ్లు తరచూ అడుగుతారు. కంపెనీ తర్వాతి మోడళ్లలో ఇచ్చిన పూర్తి సెట్టు, బూస్టర్ (పెడల్ బలాన్ని పెంచేది), మాస్టర్ సిలిండర్‌తో సహా దొరికితే ఆలోచించండి. వేరే కారు డిస్కులు, బ్రాకెట్లు వెల్డింగ్ చేసి తగిలించే పని నేను చేయించుకోను. సరిగ్గా సెట్ చేసిన డ్రమ్ములు మన రోడ్లమీద, ఆ కారు వెళ్లే వేగానికి చాలు.

కమాన్ కట్టలు, షాకబ్జర్లు, బుష్‌లు

చదునైన చోట కారుని నిలిపి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా రెండువైపులా టేపుతో కొలవండి. తేడా ఉంటే కట్ట కుంగినట్టే. ఇక్కడ దారులు నాలుగు: ఉన్నవాటినే వంపు పెట్టించడం, ఒక పట్టీ అదనంగా వేయించడం, కొత్త సెట్టు, లేదా పాత ఇనుప సామాను షాపులో దొరికే వేరే బండి కట్టలు.

నాలుగోది ముందే కొట్టేయండి. అదనపు పట్టీ కూడా నాకు ఇష్టం లేదు, వెనక లేస్తుంది నిజమే, కానీ కారు లారీలాగా ఎగరడం మొదలుపెడుతుంది, ఆ దెబ్బంతా కట్ట చివరని బాడీకి తగిలించే షాకిల్ పిన్నుల మీద పడుతుంది. మిగిలింది వంపు పెట్టించడమా, కొత్తవా అన్నదే. పట్టీలన్నీ విడదీసి వైర్ బ్రష్‌తో తుప్పు తీసి, మధ్య బోల్టు చిల్లు చుట్టూ, మెయిన్ పట్టీ కన్ను దగ్గర సన్నటి పగుళ్లు ఉన్నాయేమో ఎండలో తిప్పి చూడండి. పగులు లేకపోతే సెట్టింగ్ చేయించండి. మన జిల్లాల్లో ఇది అదృష్టమనే చెప్పాలి, చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో కమాన్ పనివాళ్లకి కొదవ లేదు, వాళ్లు చల్లగా ఉన్న పట్టీనే సుత్తి దెబ్బలతో వంపుకి తెస్తారు. గ్యాస్ మంటతో ఒకచోట ఎర్రగా కాల్చి వంచేవాళ్లకి మాత్రం ఇవ్వొద్దు, కాల్చిన చోట పట్టీ టెంపర్ పోయి మళ్లీ కుంగుతుంది లేదా విరుగుతుంది. వంపు పెట్టించిన కట్ట కొత్తదాని అంతకాలం నిలవదు, కొన్నేళ్లకి మళ్లీ దిగుతుంది. అయినా ఇది చెప్పి చెడేది, అందుకే ఇక్కడ పొదుపు తప్పు కాదు. కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యు బోల్టులు మాత్రం పాతవి మళ్లీ బిగించకండి, ఒకసారి సాగినవి మళ్లీ పట్టు ఇవ్వవు, కొత్తవేమంత ఖరీదు కూడా కాదు.

షాకబ్జర్ పరీక్ష అందరికీ తెలిసిందే, మూల నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి. ఒంటి మీద నూనె తడి కనపడితే ఇక పరీక్ష కూడా అక్కర్లేదు. గొట్టం రకానికి రిపేరు లేదు, షాపుల్లో నూనె మార్చి ఇస్తామంటారు కానీ కొన్నాళ్ల ముచ్చటే, గాబ్రియల్ లాంటి కంపెనీవి జత కొనేయండి. ఒకటే మార్చొద్దు. కమాన్ కట్టల పాత కార్లకి గ్యాస్ రకం వేస్తే బండి గట్టిగా అనిపిస్తుంది, కంపెనీ నూనె రకం ఇచ్చి ఉంటే అదే వేయండి. పాత అంబాసిడర్లలో ఉండే లివర్ రకం వేరు, దాన్లో నూనె తగ్గితే పోసుకోవచ్చు, షాఫ్టు అరిగి కారుతుంటే మాత్రం తెలిసినవాళ్ల చేత కట్టించాలి. కాయిల్ స్ప్రింగుల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు అమ్ముతారు, అవి కుంగిన స్ప్రింగుని దాచిపెడతాయి తప్ప బాగుచేయవు. కొత్త స్ప్రింగులు కొనేదాకా కూడా నేను వాటిని సిఫారసు చేయను.

బుష్‌లలో రబ్బరు, పాలీయురేథేన్, లేత్ మీద తిప్పి ఇచ్చే నైలాన్, ఈ మూడూ దొరుకుతాయి. నైలాన్ అరగదు అని చెప్పి అమ్ముతారు, కానీ అది ఇవ్వని మెత్తదనం అంతా బ్రాకెట్ల మీదా, బాడీ మీదా పడుతుంది, పాత రేకుకి అది మంచిది కాదు. పాలీ ఎక్కువకాలం ఉంటుంది, గ్రీజు లేకపోతే కీచుమంటుంది. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని తిరిగే కారుకి కంపెనీ రబ్బరే హాయి. రబ్బరు బుష్‌లు వేసినప్పుడు ఆఖరి బిగింపు కారు గాల్లో ఉండగా వేయకండి. చక్రాలు నేల మీద ఆనాక, కారు బరువు పడ్డాక బిగించండి. గాల్లో బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, కొత్త బుష్‌లు త్వరగా చీలిపోవడానికి పెద్ద కారణం ఇదే. బాల్ జాయింట్లు, కింగ్ పిన్నులు, టై రాడ్ ఎండ్లు చక్రాన్ని పట్టుకున్నవి కాబట్టి వీటిలో ఆట కనపడితే ఆలోచించకుండా కొత్తవి.

డబ్బు తక్కువైతే ఎలా

ఒకేసారి అన్నీ చేయలేకపోతే ఈ ఏడాది బ్రేకులు పూర్తిగా, చక్రాన్ని పట్టుకునే జాయింట్లు పూర్తిగా చేయండి. షాకబ్జర్లు, బుష్‌లు, కమాన్ కట్టలు వచ్చే ఏడాది చూసుకోవచ్చు, కొంచెం ఊగుతూ నెమ్మదిగా తిరగండి. బ్రేకుల్లో సగం, సస్పెన్షన్లో సగం చేయడం మాత్రం వద్దు. ముందు చక్రాలకి కొత్త సిలిండర్లు, వెనక పాతవి అంటే బలహీనమైనది ఇప్పుడు వెనక ఉంది, అంతే తేడా. కారుకి 15 ఏళ్లు దాటితే ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, అక్కడ ఫిట్‌నెస్ చూసేటప్పుడు కూడా ముందు పట్టుకునేది బ్రేకులనే. రెన్యువల్ దగ్గరపడుతుంటే ఈ వరస మీకు ఎలాగూ తప్పదు.

సామాను కోసం తిరిగేటప్పుడు పాత పార్టు చేతిలో పట్టుకెళ్లండి, ఫోటో చాలదు. మన ఊళ్లలో దొరకనిది చెన్నైలో జీపీ రోడ్డు, పుదుపేట వైపు, లేదా విజయవాడ ఆటోనగర్‌లో వెతకండి. నెల్లూరువాళ్లకి చెన్నై దగ్గర, ఒంగోలువాళ్లకి విజయవాడ దగ్గర. పుదుపేట లాంటి చోట వాడిన సామాను కొనొచ్చు, కానీ డ్రమ్ములు, బ్రాకెట్లు, బ్యాక్ ప్లేట్లు లాంటి గట్టి ఇనుము వరకే. రబ్బరు ఉన్నదీ, నూనె నిలిచేదీ ఏదీ వాడినది కొనొద్దు. పాత స్టాకు అని సీలు తీయని డబ్బా చూపిస్తారు, లోపలి వాషర్లు డబ్బాలో ఉన్నా ముసలివవుతాయి, సిలిండర్ తీసుకుని వాషర్లు కొత్తవి వేసుకోండి.

పని పెట్టుకునే కాలం సంక్రాంతి తర్వాత. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి అసలు వానలు, ఆ రోజుల్లో విప్పిన డ్రమ్ములు తెల్లారేసరికి ఎర్రబడతాయి, తెరిచిన నూనె తేమ పీలుస్తుంది.

అన్నీ బిగించాక కారు కదలకముందే ఒక పరీక్ష చేయండి. పెడల్‌ని గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టండి. మెత్తగా ఉంటే ఇంకా గాలి ఉంది. రెండు మూడుసార్లు తొక్కితే పైకి వస్తుంటే అడ్జస్టర్లు బిగించాలి. గట్టిగా ఉండి మెల్లగా కిందికి జారుతుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలే నూనె దాటిపోతోంది, ఆ కారు గేటు దాటకూడదు. బూస్టర్ ఉన్న కారైతే ఇంజన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, తొక్కి పట్టుకునే ఇంజన్ స్టార్ట్ చేయండి, పెడల్ కొద్దిగా దిగాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల వేగంలో ఆపి చూడండి, స్టీరింగ్ ఒకవైపు లాగుతుందేమో గమనించండి, దిగి నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచేయి కొంచెం దూరంగా పెట్టి వేడి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా కాలుతుంటే అది వదలడం లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక యు బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ బిగించండి. కారులో ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా మీద నూనె ఎక్కడిదాకా ఉందో మార్కర్‌తో గీత పెట్టుకుని వారం పాటు రోజూ పొద్దున చూడండి. గీత కిందికి దిగితే మళ్లీ నింపి ఊరుకోకండి, ప్రతి చక్రం లోపలి వైపు, ప్రతి జాయింటు కింద తెల్ల కాగితం పరిచి, కారుతున్నది ఎక్కడో దొరికేదాకా వెతకండి.